మెత్తదనాన్ని మాత్రమే నమ్మకుండా పష్మీనా శాలువాను పరీక్షించి కొనడం: సమగ్ర మార్గదర్శి

డిసెంబరు వచ్చేసరికి విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లోనూ, ఎగ్జిబిషన్ స్టాళ్లలోనూ శాలువాల దొంతరలు కనిపిస్తాయి. కశ్మీర్ నుంచి మూటలతో వచ్చే వర్తకులు గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో ఇంటింటికీ తిరిగి, వరండాలో దుప్పటి పరిచి ఒక్కొక్కటే విప్పి చూపిస్తారు. కృష్ణా తీరంలో చలి పట్టుమని రెండు నెలలు కూడా ఉండదు కాబట్టి శాలువా మనకు నిత్యావసరం కాదు. అయినా అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, బదరీనాథ్ యాత్రకు బయలుదేరేవారు, పెళ్లిలో వియ్యాలవారికి విలువైన కానుక పెట్టాలనుకునేవారు ఏటా కొంటూనే ఉంటారు. పట్టుచీర కొనేటప్పుడు కొంగు తిరగేసి, జరీ గీకి, అంచు లాగి చూసే మన ఆడవారు శాలువా దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి నిమిరి, "ఎంత మెత్తగా ఉందో" అని అక్కడితో ఆగిపోతారు. ధర వేలల్లో ఉన్న వస్తువు విషయంలో ఆ ఒక్క మాట చాలదు.

ఈ మార్గదర్శి ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. శాలువాకు ఉన్న గుణాలన్నింటిలోనూ తేలికగా కృత్రిమంగా తెప్పించగలిగినది మెత్తదనం. చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్ నూలు పుట్టుకతోనే మెత్తన. అక్రిలిక్ అనే ప్లాస్టిక్ నూలును మెత్తగా చేయవచ్చు. మామూలు గొర్రె ఉన్నికి సిలికాన్ మెరుగు పట్టిస్తే అది కూడా చేతికి జారిపోతుంది. అందువల్ల ముందు సరుకు ఏమిటో, తరువాత నూలు ఎలా వడికారో, ఎలా నేశారో, ఎలా మెరుగు పెట్టారో, ఆ తరువాత కుట్టుపని, చివరగా కాగితాలు చూడాలి. మెత్తదనాన్ని ఇవన్నీ చూశాక లెక్కలోకి తీసుకోవాలి.

మొదటి మెట్టు: సరుకు ఎక్కడిదో తెలుసుకోవడం

క్యాష్మియర్ అనేది గొర్రె ఉన్ని కాదు. చలి ప్రాంతాల మేకలకు పైన గరుకు బొచ్చు, దాని అడుగున చలికాలంలో మాత్రమే పెరిగే సన్నని నూగు ఉంటాయి. ఆ నూగే క్యాష్మియర్. ప్రపంచంలో దీన్ని అత్యధికంగా పండించేవి చైనా, మంగోలియా దేశాలు. మన దేశంలో లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైన, చాంగ్‌పా సంచార పశుపాలకులు పెంచే చాంగ్‌తాంగీ మేకల నూగును పష్మీనా అంటారు. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30, 40 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఆ చలే ఈ నూగు నాణ్యతకు మూలకారణం. వసంతం చివర మేక సహజంగా నూగు వదిలే సమయానికి దువ్వెనలతో దువ్వి దాన్ని తీస్తారు.

పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, మంచి మెరినో గొర్రె ఉన్ని 18 నుంచి 20, పష్మీనా 12 నుంచి 15 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం సగటు మందం 19 మైక్రాన్లు దాటిన సరుకును క్యాష్మియర్ పేరుతో అమ్మకూడదు. 30 మైక్రాన్లకు మించిన గరుకు పోగులు తూకంలో 3 శాతానికి మించకూడదు. "కశ్మీర్ పష్మీనా" జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపుకు నిబంధన ఇంకా కఠినం: పోగు 16 మైక్రాన్లు దాటకూడదు, నూలు చేత్తో వడికినదై ఉండాలి, బట్ట చేమగ్గం మీద నేసినదై ఉండాలి.

ఒక మేక ఏడాదికి ఇచ్చేది సుమారు 80 నుంచి 170 గ్రాముల ముడి నూగు. గరుకు వెంట్రుకలు, దుమ్ము, చుండు తీసేశాక అందులో సగం కూడా మిగలకపోవచ్చు. నిండు శాలువా ఒకటి నేయాలంటే ఇంచుమించు మూడు మేకల ఏడాది నూగు కావాలి. ఎగ్జిబిషన్‌లో 1,500 రూపాయలకు "ప్యూర్ పష్మీనా" అని బోర్డు కనిపించినప్పుడు ఈ లెక్క ఒకసారి మనసులో వేసుకుంటే చాలు. ఆ ధరకు ముడిసరుకు కూడా రాదు. 1846లో జరిగిన అమృత్‌సర్ ఒప్పందంలో, దాని ద్వారా కశ్మీర్ పొందిన జమ్మూ పాలకుడు గులాబ్ సింగ్ బ్రిటిష్ వారికి ఏటా సమర్పించవలసిన వాటిలో ఒక గుర్రం, పన్నెండు శాలువా మేకలు, మూడు జతల కశ్మీర్ శాలువాలు ఉన్నాయి. రాజ్యాన్ని అప్పగించే ఒప్పందంలో మేకలకు చోటు దొరికిందంటే ఆ నూగు విలువ అప్పటికే ఎంతో అర్థమవుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. పష్మీనా కన్నా గొప్పదని చెప్పి గొంతు తగ్గించి "షాతూష్" చూపించేవారు ఉంటారు. అది చిరు అనే టిబెట్ జింకను చంపి తీసే నూగు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఆ జంతువుకు అత్యున్నత రక్షణ ఉంది. దాని నూగుతో వ్యాపారం నేరం. చూపించినవారితో బేరమే ఆడవద్దు.

రెండో మెట్టు: పేర్ల చిక్కు విడదీయడం

మూట విప్పిన వెంటనే ధర అడగకండి, పేర్లు అడగండి. "సెమీ పష్మీనా" అంటే చాలావరకు సన్నని గొర్రె ఉన్ని లేదా మిల్లు నూలు మిశ్రమం. "రఫల్" అంటే మెరినో ఉన్ని శాలువా. అది మంచి వస్తువే, దాని ధర దానికి ఉంది. "సిల్క్ పష్మీనా" అంటే పట్టు కలిసినది; మెరుపు ఎక్కువ, వెచ్చదనం తక్కువ, మన వాతావరణానికి నిజానికి బాగానే సరిపోతుంది. అయితే పట్టు ఎంత శాతమో రాసి ఉండాలి. "పష్మీనా" అని మాత్రమే అట్ట మీద అచ్చువేసి, శాతాలు ఏవీ చెప్పని రంగురంగుల స్టోల్‌లో సాధారణంగా ఉండేది విస్కోస్. సభల్లో సన్మానానికి కప్పే శాలువాలను ఇక్కడ పోల్చనవసరం లేదు. అవి వేరే అవసరానికి, వేరే ధరకు తయారయ్యే కృత్రిమ నూలు బట్టలు.

అడగవలసిన ప్రశ్నలు మూడు. "ఏమండీ, ఈ నూలు చేత్తో వడికిందా, మిల్లులో తీసిందా?" "నేసింది చేమగ్గమా, పవర్‌లూమా?" "ఇందులో మేక నూగు ఎంత శాతమో బిల్లులో రాసిస్తారా?" మొదటి రెండింటికీ గడగడా జవాబు చెప్పి, మూడోదాని దగ్గర తడబడే వర్తకుడి సరుకును మరింత జాగ్రత్తగా చూడాలి. పవర్‌లూమ్ సరుకు అని ముందే ఒప్పుకుని దానికి తగ్గ ధర చెప్పేవారు నిజాయితీపరులు. వారి దగ్గర కొనడంలో తప్పేమీ లేదు.

మూడో మెట్టు: వెలుతురులో పట్టి చూడటం

శాలువాను దుకాణంలోని ఎల్ఈడీ దీపాల కింద పరీక్షించకూడదు. గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురుకు అడ్డంగా, రెండు చేతులతో చాచి పట్టుకోండి. చూడవలసినది నేత ఎంత వత్తుగా ఉన్నదన్నది కాదు, ఎంత సమంగా ఉన్నదన్నది. బట్ట పొడవునా వెలుతురు ఒకే తీరున వడగట్టినట్లు కనిపించాలి. ఒకచోట పల్చన, మరోచోట ముద్దగా మబ్బులు కట్టినట్లుంటే పేక (అడ్డపోగు) వేసేటప్పుడు చేయి నిలకడగా లేదని అర్థం.

అయితే చేతి వడుకు నూలులో ఉండే సహజమైన హెచ్చుతగ్గులను దీనితో కలపకూడదు. కశ్మీర్ స్త్రీలు "యిందర్" అనే రాట్నం మీద ఈ నూగును వడుకుతారు. అంతకుముందు బియ్యపు పిండి పట్టించి ఉంచి, జిడ్డు, దుమ్ము పోయాక దువ్వుతారు. అలా వడికిన పోగు ఒకచోట వెంట్రుకవాసి లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. వెలుతురులో ఇది అక్కడక్కడ చిన్న చిన్న గీతలుగా, క్రమం లేకుండా కనిపిస్తుంది. మిల్లు నూలులో ఈ గీతలు ఉండవు. మంగళగిరి నేత చూసి పెరిగిన కళ్లకు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు.

ఆ తరువాత భూతద్దం తీసుకోండి, లేదా ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూడండి. సంప్రదాయ పష్మీనా నేతలో ఏటవాలు గీతల ట్విల్ నేత ఒకటి, చిన్న చిన్న వజ్రాకారపు గళ్ల నేత మరొకటి. ఈ రెండో దాన్ని "చష్మ్-ఏ-బుల్‌బుల్" అంటారు. ప్రతి గడి మధ్యలో చుక్కలాంటిది కనిపిస్తుంది. గళ్లు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్లు ఉంటే యంత్రం పని. దాదాపు ఒకేలా ఉన్నా ఒకటి రెండు చోట్ల గడి కాస్త సాగినా, నొక్కుకున్నా చేయి పని. అంచులు కూడా అంతే. చేమగ్గపు అంచు కాస్త అలలుగా ఉంటుంది. అంచు కత్తిరించి, మడిచి, మిషన్ మీద కుట్టి ఉంటే పెద్ద తానులోంచి కోసిన ముక్క అన్నమాట.

నాలుగో మెట్టు: ఒక పోగు విప్పి చూడటం

కొనేవారు సాధారణంగా దాటవేసే మెట్టు ఇదే. నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నిజం చెప్పేది కూడా ఇదే. శాలువా కొసన కుచ్చులోంచి ఒక్క పోగు లాగి ఇమ్మని వర్తకుణ్ణి అడగండి. మంచి సరుకు అమ్మేవారు కాదనరు. ఆ పోగును నల్లని గుడ్డ మీద పెట్టి, పురి ఉన్న దిశకు ఎదురుగా మెల్లగా తిప్పండి. రెండు పేటలు కలిపి పురి పెట్టిన నూలయితే రెండుగా విడిపోతుంది. రెండు పేటల నూలు ఎక్కువ కాలం మన్నుతుంది, సులువుగా చిల్లు పడదు. ఒంటి పేట నూలు శాలువా మరింత పల్చగా, మెత్తగా ఉంటుంది కానీ దాన్ని చాలా సున్నితంగా వాడుకోవాలి.

ఇప్పుడు ఒక పేటను మాత్రమే తీసుకుని, అందులోని పురి పూర్తిగా విప్పి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి నెమ్మదిగా లాగండి. గుంటూరు జిన్నింగు మిల్లుల్లో పత్తి కొనేవారు గుప్పెడు దూదిని ఇలాగే లాగి, విడిపోయిన కొసలను పక్కపక్కన పేర్చి పింజ పొడవు చూస్తారు. ఇక్కడ చేసేది సరిగ్గా ఆ పనే. పొట్టి పింజ దూది ఎంత తెల్లగా ఉన్నా దాని నూలు బలహీనంగా ఉన్నట్లే, పొట్టి నూగుతో చేసిన శాలువా ఎంత మెత్తగా ఉన్నా ఉండలు కడుతుంది. పోగులు మూడు సెంటీమీటర్లకు పైబడి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని సాగుతూ విడిపోతే మంచి సరుకు. లాగీ లాగగానే పుటుక్కున తెగి, నల్లగుడ్డ మీద తెల్లని దుమ్ములా రాలితే అది పొట్టి నూగు, లేదా పాత ఉన్ని బట్టలను చించి తిరిగి వడికిన సరుకు, లేదా ఆమ్లం తగిలి పెళుసెక్కిన పోగు.

ఆమ్లం మాటకు వివరణ అవసరం. 12, 13 మైక్రాన్ల పోగు మిల్లు యంత్రాల లాగుడుకు తట్టుకోదు. అందుకని కొందరు దానికి నైలాన్ పోగు కలిపి యంత్రం మీద వడికి, నేసిన తరువాత ఆమ్లంలో ముంచి నైలాన్‌ను కరిగించేస్తారు. మిగిలినది పేరుకు నూరు శాతం పష్మీనాయే, కానీ పోగు బలం పోతుంది. కొన్న రోజున ఎలాంటి తేడా తెలియదు; రెండో చలికాలానికి మడతల దగ్గర పల్చబడుతుంది. కాబట్టి "ప్యూరేనా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, "చేతి వడుకేనా" అని కూడా అడగాలి.

విప్పిన పోగుల్లో నిటారుగా, మందంగా, మెరిసే వెంట్రుకలు కనిపిస్తున్నాయా చూడండి. అవి సరిగా ఏరివేయని పైబొచ్చు. నూగు సన్నగా, కొద్దిగా వంకీలు తిరిగి ఉంటుంది. ఒకటి రెండు గరుకు వెంట్రుకలు ఎక్కడైనా ఉంటాయి. అడుగడుగునా కనిపిస్తే మెడకు దురద పెట్టడం ఖాయం. విస్కోస్ పోగులు పొడవుగా, జారుతూ, గాజు మెరుపుతో ఉంటాయి కాబట్టి ఒకసారి పక్కపక్కన పెట్టి చూసినవారికి మళ్లీ పొరపాటు జరగదు.

లాగిన పోగును చివరగా అగ్గిపుల్లతో కాల్చవచ్చు. దుకాణంలో కాదు, బయట, పళ్లెంలో. విస్కోస్ కాగితంలా భగ్గున కాలి బూడిద అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, వేలితో నలిపితే పొడి అవుతుంది. అయితే ఈ పరీక్ష ఉన్ని, ఉన్ని కాదు అన్నంతవరకే చెబుతుంది. మేక నూగు, గొర్రె ఉన్ని రెండూ ఒకే వాసన వేస్తాయి, ఒకేలా కాలుతాయి. వాటిని వేరుచేసి తేల్చేది ప్రయోగశాలలోని మైక్రోస్కోపు.

ఐదో మెట్టు: చేతితో చేసే పరీక్షలు

శాలువా మూలను గుప్పిట్లో గట్టిగా పట్టి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. మంచి నూగు మెల్లగా పొంగి, ముడతలు చాలావరకు వాటంతట అవే పోతాయి. విస్కోస్‌లో ముడత అలాగే నిలిచిపోతుంది. తరువాత అడ్డంగా కొద్దిగా సాగదీసి వదిలితే బట్ట వెనక్కి రావాలి. అరచేతితో ఒకేచోట ఇరవైసార్లు రుద్దితే అప్పుడే నూగు లేచి ఉండలు కట్టడం మొదలైతే నేత వదులుగా ఉందని, లేదా పింజ పొట్టిదని అర్థం. కొత్త క్యాష్మియర్ మొదటి కొన్ని వాడకాల్లో కొద్దిగా ఉండలు కట్టడం సహజమే; దుకాణంలోనే కట్టకూడదు.

ఇప్పుడు మెత్తదనాన్ని చూడవచ్చు. నూగు మెత్తదనం పొడిగా, వెచ్చగా ఉంటుంది. చెంపకు ఆనించిన కొన్ని క్షణాలకే వెచ్చదనం తెలుస్తుంది. సిలికాన్ మెరుగు పెట్టిన బట్ట చేతికి చల్లగా, నూనె రాసినట్లు జారుతూ ఉంటుంది. ఆ జారుడు రెండు మూడు ఉతుకుల్లో పోయి అసలు గరుకుదనం బయటపడుతుంది. బట్ట పైన నూగు మరీ ఎక్కువగా లేపి ఉన్నా అనుమానించండి. ఎండిన ముళ్ల కాయలతోనో బ్రష్షులతోనో పై నూగు కొద్దిగా లేపడం మంచి మెరుగే. కానీ పల్చని నేతను కప్పిపుచ్చడానికి కూడా దాన్నే వాడతారు. వేలితో నూగును పక్కకు తప్పించి అడుగున నేత ఎలా ఉందో చూడండి.

తడి చేసిన తెల్లని చేతిరుమాలుతో ఒక మూల రుద్ది రంగు అంటుతుందేమో పరీక్షించాలి. ముదురు ఎరుపు, నలుపు, నీలం శాలువాలకు ఇది తప్పనిసరి. తెల్లదాని విషయంలో మరొక మాట: సహజమైన తెల్ల నూగు కొద్దిగా మీగడ రంగులో ఉంటుంది. పాలనురుగులా ధగధగలాడే తెలుపు అంటే బ్లీచింగ్ చేసి, తెలుపు పెంచే రసాయనం వేశారన్నమాట. దుకాణాల్లో నోట్లు పరీక్షించే నీలి దీపం కింద పెడితే అలాంటి బట్ట నీలంగా వెలుగుతుంది.

ఉంగరంలోంచి దూర్చి చూపించే పరీక్షకు ఏమాత్రం విలువ ఇవ్వకండి. పల్చని బట్ట ఏదైనా, పట్టయినా విస్కోసైనా, ఉంగరంలోంచి దూరుతుంది. నిండుగా కుట్టుపని ఉన్న అసలైన పష్మీనా దూరదు. రుద్దితే చిటపటలాడి కాగితం ముక్కలను లాక్కునే పరీక్ష కూడా అంతే. గాలిలో ఇంత తేమ ఉండే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అక్రిలిక్ కూడా చాలాసార్లు చడీచప్పుడు లేకుండా ఊరుకుంటుంది.

వీలైతే తూకం వేయించండి. బంగారపు కొట్టు తక్కెడ కానీ, వంటింటి డిజిటల్ కాటా కానీ చాలు. 70 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల పొడవు ఉన్న స్టోల్ విస్తీర్ణం 1.4 చదరపు మీటర్లు. అది 126 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 90 గ్రాములు. దాని ధర 12,600 రూపాయలైతే గ్రాముకు 100 రూపాయలు పడినట్లు. బరువు ఎక్కువైనంత మాత్రాన నాణ్యత ఎక్కువని కాదు. కానీ రెండు దుకాణాల్లోని రెండు సాదా శాలువాలను పోల్చడానికి ఇది పనికొచ్చే కొలత.

ఆరో మెట్టు: కుట్టుపనిని తిరగేసి చూడటం

పనితనం ఉన్న శాలువాను ముందు తిరగేయాలి. "సోజ్నీ" అంటే సన్నని సూదితో చేసే కుట్టు. వెనకవైపు చూస్తే దారం ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు కొంచెం అటూ ఇటూగా ప్రయాణించిన జాడ కనిపిస్తుంది, కుట్ల పొడవు ఒకేలా ఉండదు, ముడులు దాదాపు కనిపించవు. మిషన్ కుట్టులో పై దారం ఏ రంగైనా అడుగు దారం సాధారణంగా ఒకే రంగులో, చాలాసార్లు తెల్లగా, ఎడతెగకుండా సాగుతుంది. మొదటి పువ్వుకూ పదో పువ్వుకూ రవ్వంత తేడా ఉండదు. రెండువైపులా ఒకేలా కనిపించే "దోరుఖా" పని చేయగల చేతులు తక్కువ. దానికి అడిగే అధిక ధర న్యాయమైనదే.

"కానీ" శాలువాలో డిజైన్ కుట్టినది కాదు, నేసినది. నాడెకు బదులు రంగురంగుల నూలు చుట్టిన చిన్న చెక్క కండెలు పదుల సంఖ్యలో వాడి, "తాలీం" అనే సంకేతలిపి కాగితం చదువుతూ, ఒక్కో రంగును అది ఉండవలసినంత మేరకే నేస్తారు. శ్రీనగర్ దగ్గరి కానిహామా గ్రామం ఈ పనికి పేరు పొందింది. ఒక్కోదానికి నెలలు పడుతుంది. మరీ నిండైన వాటికి ఏడాది దాటుతుంది. నకలు తయారయ్యేది డిజైన్‌ను యంత్రమే నేసే జకార్డ్ మగ్గం మీద. తేడా వెనకవైపే ఉంది. జకార్డ్‌లో వాడని రంగుల దారాలు వెనక బారుగా వేలాడుతూనో, బారుగా కత్తిరించిన కొసలతోనో ఉంటాయి. చేతి "కానీ"లో ప్రతి రంగు తన పక్క రంగుతో ముడిపడి అక్కడే వెనక్కి తిరుగుతుంది, అందుకని వెనకవైపు కూడా బొమ్మ స్పష్టంగా ఆనవాలు పట్టవచ్చు. జకార్డ్ శాలువాను "కానీ" శాలువా ధరకు కొనడం అన్నది ఈ రంగంలో జరిగే అతి పెద్ద నష్టం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బట్ట తిరగేస్తే అది తప్పుతుంది.

పష్మీనా మీద కలంకారి అంటూ అమ్మేవి కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. పెడన అద్దకం కళ్లెదుట ఉన్న మనవారికి చెప్పవలసింది తక్కువ: కలంతో గీసిన గీత ఎక్కడో సన్నబడుతుంది, ఎక్కడో చిక్కబడుతుంది, డిజిటల్ ప్రింట్ గీత ఎక్కడా మారదు.

బట్ట వెనక ఒకటి రెండు చోట్ల రఫూ చేసిన (చిల్లును నూలుతో నేసినట్లు పూడ్చిన) గుర్తు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. నేత పూర్తయ్యాక లోపాలు ఏరే పనివాళ్లు, రఫూ చేసే పనివాళ్లు కశ్మీర్‌లో ప్రత్యేకంగా ఉన్నారు. మంచి రఫూ నేతలో కలిసిపోతుంది. నలుగురు వెతికినా కనిపించని రఫూను నేను లోపంగా లెక్కించను.

ఏడో మెట్టు: చీటీ, బిల్లు

"కశ్మీర్ పష్మీనా"కు 2008లో జీఐ గుర్తింపు వచ్చింది. శ్రీనగర్‌లోని క్రాఫ్ట్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న పరీక్షా కేంద్రంలో పోగు మందం, చేతి వడుకు, చేతి నేత మూడూ పరీక్షించి, నెగ్గిన శాలువాకు ఊడదీయడానికి వీలులేని చిన్న చీటీ అతికిస్తారు. దాని మీద ఆ ఒక్క శాలువాకే చెందిన సంఖ్య ఉంటుంది. దారంతో వేలాడదీసిన అందమైన అట్టకూ దీనికీ పోలిక లేదు. అట్ట ఎవరైనా అచ్చువేయించవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా పష్మీనా వస్తువుల గుర్తింపు, మార్కింగ్, లేబులింగ్ కోసం ఐఎస్ 17269:2019 అనే ప్రమాణం ప్రకటించింది. జీఐ చీటీ లేని ప్రతి శాలువా నకిలీ అని అనుకోకండి. చిన్న నేతగాళ్లు చాలామంది పరీక్షకు పంపలేరు. కానీ చీటీ లేనప్పుడు చీటీ ఉన్న ధర ఇవ్వకూడదు.

బిల్లు మీద "శాలువా 1" అని రాస్తే ఒప్పుకోవద్దు. "100 శాతం పష్మీనా, చేతి వడుకు, చేతి నేత" అనో, మిశ్రమమైతే శాతాలతోనో రాయించండి. పన్ను కోసం సరుకు రకాన్ని తెలుపుతూ బిల్లులో వేసే 6214 అనే హెచ్ఎస్ఎన్ కోడ్ శాలువాలు, స్కార్ఫులు అన్నింటికీ వర్తించేది కాబట్టి అది నాణ్యతకు రుజువు కాదు. మూటల వర్తకుల దగ్గర సాధారణంగా బిల్లు దొరకదు. వారి దగ్గర కొంటే మీ పరీక్ష మీదే ఆధారపడాలి, పెద్ద మొత్తం పెట్టకపోవడం మేలు. బిల్లులో రాసినదానికి భిన్నమైన సరుకు అని తరువాత తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు.

ఎనిమిదో మెట్టు: మన వాతావరణంలో కాపాడుకోవడం

లద్దాఖ్ పొడి గాలిలో పుట్టిన ఈ నూగుకు మన ముసురు పడదు. ఏడాదిలో పది నెలలు బీరువాలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ శాలువాలు వాడకం వల్ల కన్నా దాచడంలోనే ఎక్కువగా పాడవుతాయి. బట్టల పురుగు తినేది ఉన్నిలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను. చెమట, కూర మరకలు ఉన్నచోట మరింత త్వరగా పడుతుంది. అందుకని వాడిన శాలువాను శుభ్రం చేయకుండా దాచకూడదు. సాదా శాలువాను చల్లని నీటిలో, వడగట్టిన పల్చని కుంకుడుకాయ రసంతోనో కొద్దిపాటి షాంపూతోనో, రుద్దకుండా నొక్కుతూ ఉతకాలి. డిటర్జెంట్ పొడులు వద్దు. వాటిలోని ఎంజైములు రక్తం, పాల మరకల్లోని ప్రొటీన్‌ను తిన్నట్లే ఉన్నినీ తింటాయి. పిండకూడదు. తువ్వాలులో చుట్టి నీరు ఒత్తి, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. కుట్టుపని ఉన్నవాటిని, "కానీ" నేత శాలువాలను డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి.

దాచేటప్పుడు పాలిథిన్ కవరు కాకుండా ఉతికిన నూలు పంచెలో చుట్టండి. కలరా ఉండలు బట్టకు నేరుగా తగలకూడదు. వాటి ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి చిన్న గుడ్డ మూటలో కట్టి పై అరలో ఉంచితే కిందికి దిగుతుంది. ఎండు వేపాకు వాడే ఇళ్లలో ఆకు పూర్తిగా ఎండిందో లేదో చూసుకోవాలి. పచ్చితనం ఉంటే మరక పడుతుంది. వానాకాలంలో నెలకోసారి తీసి, దులిపి, మడత మార్చి పెట్టాలి. ఎప్పుడూ ఒకే మడతలో ఉంచితే అక్కడే పోగులు విరుగుతాయి. పురుగు పడిందన్న అనుమానం వస్తే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో కనీసం రెండు వారాలు ఉంచి, తీశాక సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. ఆ తరువాత విప్పి, నీడలో దులిపి, బ్రష్‌తో మడతల సందులన్నీ శుభ్రం చేయాలి. గాజులకో నల్లపూసలకో తగులుకుని లేచిన పోగును కత్తిరించవద్దు. సూదితో వెనకవైపుకు లాగితే సర్దుకుంటుంది. చిల్లు పడితే దాన్ని మామూలు టైలరు చేత కుట్టించకుండా, కుచ్చులోంచి తీసిన అదే నూలుతో రఫూ చేయగలవారికి ఇవ్వండి.